వరుస కుదిరితేనే జాబితా

ఫోన్‌లో ఏ యాప్ తెరిచినా ముందు ఎదురయ్యేది ఒక జాబితానే. వాట్సాప్‌లో సంభాషణలు, బ్యాంకు యాప్‌లో లావాదేవీలు, భోజనం తెప్పించుకునే యాప్‌లో హోటళ్లు, టికెట్ల యాప్‌లో రైళ్లు, అన్నీ కింద నుంచి పైకి జారే వరుసలే. ఆ జారడానికి ఎంత బలముందో స్టీవ్ జాబ్స్ 2010 జూన్‌లో డి8 సదస్సులో చెప్పిన సంగతిని బట్టి తెలుస్తుంది. ఆపిల్‌లో ముందు మొదలైంది టాబ్లెట్ పని. నమూనా తెరమీద జాబితా వేలికి తగ్గట్టు జారి, చివరికొచ్చాక రబ్బరులా సాగి వెనక్కి రావడం చూశాకే దీంతో ఫోన్ చేయవచ్చన్న ఆలోచన ఆయనకు తట్టింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా డెవలపర్ల చర్చ మాత్రం ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: జాబితా చూపించడానికి ఏ టూల్‌కిట్ మేలు? లిస్ట్‌వ్యూనా రీసైక్లర్‌వ్యూనా, కంపోజా ఫ్లట్టరా అని. ఇన్నేళ్ల పరిణామాన్ని వరసగా పరిశీలిస్తే నాకు తేలుతున్నది ఇది: జాబితా మంచిచెడ్డలు నిర్ణయమయ్యేది అందులోని ఒక్క వరుసలో. ఆ వరుస ఎవరిది, ఏ రకానిది, ఎంత ఎత్తుంటుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా కట్టిన యాప్‌ను ఏ టూల్‌కిట్టూ గట్టెక్కించలేదు. అందులో మూడోదైన ఎత్తు విషయంలో తెలుగుకు ఏళ్ల తరబడి నష్టం జరిగింది. దాని గురించి మన డెవలపర్లు మాట్లాడుకోవలసినంతగా మాట్లాడుకోలేదు.

2008 అక్టోబరులో అమ్మకానికి వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌లో ర్యామ్ 192 ఎంబీ. అంతకు ముందు ఏడాది వచ్చిన తొలి ఐఫోన్‌లో 128 ఎంబీ. వెయ్యి పేర్లున్న ఫోన్‌బుక్ చూపించాలంటే వెయ్యి వరుసలు తయారుచేసి పెట్టుకునే స్తోమత ఆ ఫోన్లకు లేదు. అయితే తెరమీద ఒక్కసారికి పట్టేవి పది పన్నెండు వరుసలే. అందుకే ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ ఒకే ఉపాయానికి వచ్చాయి: పైన తెర దాటిపోయిన వరుసనే తీసుకొచ్చి, కొత్త వివరాలు నింపి, కింద మళ్లీ వాడుకోవడం. పెళ్లి భోజనాల్లో జరిగేదీ ఇదే. వచ్చినవాళ్లు వెయ్యిమందైనా బల్లలు వందమందికే ఉంటాయి. ఒక బంతి లేచాక ఆకులెత్తి, బల్ల తుడిచి, మరో బంతిని కూర్చోబెడతారు. ఆండ్రాయిడ్ లిస్ట్‌వ్యూలో ఈ పని గెట్‌వ్యూ అనే ఫంక్షన్‌లో జరిగేది. పాత వరుస కన్వర్ట్‌వ్యూ అన్న పేరుతో డెవలపర్ చేతికి వచ్చేది. ఐఫోన్‌లో యూఐటేబుల్‌వ్యూని అడిగితే పక్కన పెట్టిన సెల్ ఒకటి తీసి ఇచ్చేది.

చిక్కంతా బల్ల తుడవడంలోనే వచ్చింది. ఒక రైతుబజారు ధరల యాప్ అనుకుందాం. ఒక్కో వరుసలో ఎడమ పక్క కూరగాయ ఫొటో, మధ్యలో పేరు, కుడి పక్క కిలో ధర, సరుకు అయిపోతే పేరు కింద ఎర్ర అక్షరాల్లో ‘స్టాక్ లేదు’ అన్న మాట. డెవలపర్ సహజంగా రాసే కోడ్ ఇలా ఉంటుంది: సరుకు లేకపోతే ఎర్ర అక్షరాలు చూపించు. వినడానికి సరిగ్గానే ఉంది. టమాటా అయిపోయింది కాబట్టి ఆ వరుసలో ఎర్ర అక్షరాలు వెలిగాయి. వాడకందారు జాబితాను పైకి తోశాడు, టమాటా వరుస తెర దాటింది, అదే వరుస కిందికి వచ్చి దొండకాయకు అమరింది. దొండకాయ కావలసినంత ఉంది. అయినా దాని కింద ‘స్టాక్ లేదు’ అనే కనిపిస్తుంది. ‘ఉంటే దాచేయి’ అన్న రెండో సగం కోడ్‌లో లేదు కాబట్టి. ఫొటోల సంగతి ఇంతకన్నా ఇబ్బంది. వంకాయ ఫొటో కోసం నెట్‌కి పంపిన కోరిక తీరేలోపు ఆ వరుస బెండకాయకు వెళ్లిపోయి ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన వంకాయ ఫొటో బెండకాయ పక్కన కూర్చుంటుంది. లిస్ట్‌వ్యూ కాలంలో కొత్తగా చేరిన డెవలపర్లను ఎక్కువగా ఏడిపించిన తప్పులు ఇవే. వీటిలో లిస్ట్‌వ్యూ దోషం ఏమీ లేదు. ఈ వరుస ఇప్పుడు ఎవరిది అన్న ప్రశ్నకు కోడ్‌లో జవాబు లేదు, అంతే.

ఇక వరుస లోపలి బరువు. తెర సెకనుకు 60 సార్లు మారితే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. వరుసను నింపడం, కొలవడం, గీయడం అన్నీ ఆ లోపే అయిపోవాలి. ఆలస్యమైతే ఆ ఫ్రేమ్ తప్పిపోతుంది, వేలికి తట్టు తగిలినట్టు అనిపిస్తుంది. డెవలపర్ లోరెన్ బ్రిక్టర్ 2008లోనే తన ట్వీటీ యాప్‌లో దీనికి ఒక మొండి పరిష్కారం చూపించారు: వరుసలో పేరుకొకటి, ఫొటోకొకటి, మాటకొకటి అని వేర్వేరు వ్యూలు పెట్టకుండా, అంతా ఒకే వ్యూలో తానే గీసేశారు. ఆ పాత ఐఫోన్లలో ట్వీట్లు గాజుమీద నీళ్లలా జారాయి. ఆండ్రాయిడ్‌లో ఇబ్బంది పొరల్లో ఉండేది. వెయిట్ పెట్టిన లీనియర్‌లేఅవుట్ తన లోపలివాటిని రెండుసార్లు కొలుస్తుంది. అలాంటివి ఒకదానిలో ఒకటి నాలుగు పెడితే అన్నిటికన్నా లోపలున్న అక్షరాలను పదహారుసార్ల దాకా కొలవాల్సి వస్తుంది. ధర కుడి అంచుకు ఆనాలన్న చిన్న కోరికకు ఇంత ఖర్చు. 2016లో గూగుల్ ప్రకటించిన కన్‌స్ట్రెయింట్‌లేఅవుట్ ఈ పొరలను చదును చేయడానికి వచ్చిందే.

2014లో ఆండ్రాయిడ్ లాలీపాప్‌తో పాటు వచ్చిన రీసైక్లర్‌వ్యూను చాలామంది కొత్త జాబితాగా చూశారు. నాకది జాబితాకూ వరుసకూ మధ్య గీసిన సరిహద్దుగా కనిపిస్తుంది. వరుసలను నిలువుగా పేర్చాలా, గళ్లుగా పేర్చాలా, ఎగుడుదిగుడు గళ్లుగా పేర్చాలా అన్నది లేఅవుట్ మేనేజర్ చూసుకుంటుంది. వరుస లోపలి వ్యూలను గుర్తుపెట్టుకునే వ్యూహోల్డర్ అంతకు ముందు మంచి అలవాటు మాత్రమే. ఇక్కడ తప్పనిసరి అయింది. రెండో ప్రశ్న, అంటే వరుస ఏ రకం అన్నది కూడా ఇక్కడే స్పష్టంగా ముందుకు వచ్చింది. మన ధరల యాప్‌లో ‘ఆకుకూరలు’ అన్న శీర్షిక ఒక రకం వరుస, కూరగాయ ఇంకో రకం, మధ్యలో వచ్చే ప్రకటన మరో రకం. రీసైక్లర్‌వ్యూ ఒక్కో రకానికి విడి కొట్టు పెట్టుకుని, మామూలుగా అయిదేసి వరుసల దాకా దాచుకుంటుంది. అన్నిటినీ ఒకే రకంలో కుక్కి, అవసరం లేనివి దాచేసే కోడ్ రాస్తే ప్రతి వరుసా అనవసరమైన బరువు మోస్తుంది. దానికి విరుద్ధంగా ప్రతి వస్తువుకూ ఒక కొత్త రకం సృష్టిస్తే దాచుకున్నది మరొకరికి పనికిరాదు, తిరిగి వాడడమే ఆగిపోతుంది. రకాలు ఎన్ని అన్నది కోడ్ రాసేటప్పుడు కాకుండా, డిజైన్ కాగితం మీదే తేలవలసిన మాట.

ఎవరిది అన్న ప్రశ్న జాబితా మారినప్పుడు అసలు రూపంలో బయటపడుతుంది. కొత్త ధరలు వచ్చాయి. పది మారాయి, రెండు కొత్తవి చేరాయి, ఒకటి పోయింది. ‘అంతా మారింది’ అని చెప్పే ఒక్క పిలుపుతో పని కానిచ్చేయడం చాలాకాలం అలవాటుగా ఉండేది. దాంతో తెరమీది వరుసలన్నీ మళ్లీ నిండుతాయి, ఏది ఎక్కడికి జరిగిందో కంటికి తెలియదు. 2016లో వచ్చిన డిఫ్‌యుటిల్ పాత జాబితానూ కొత్త జాబితానూ పోల్చి తేడాలను మాత్రమే చెబుతుంది. దాని వెనక ఉన్నది యూజీన్ మయర్స్ 1986లో ప్రచురించిన పద్ధతి. రెండు ఫైళ్ల తేడా చూపే పనిముట్లలో చాలావాటికి ఆధారం అదే. అయితే డిఫ్‌యుటిల్ పని మొదలుపెట్టే ముందు డెవలపర్‌ను రెండు విడి ప్రశ్నలు అడుగుతుంది: ఈ రెండూ ఒకే వస్తువా? ఒకటే అయితే వివరాలు కూడా అవేనా? టమాటా ధర మారినా అది టమాటానే. ఈ తేడా తెలియకుండా ధరనే గుర్తుగా పెట్టుకుంటే ధర మారిన ప్రతిసారీ ఒక టమాటా చచ్చి ఇంకో టమాటా పుట్టినట్టు తెర మెరుస్తుంది. ఖర్చు కూడా చిన్నది కాదు. గూగుల్ ఇచ్చిన లెక్క ప్రకారం నెక్సస్ 5ఎక్స్ ఫోన్‌లో 100 వస్తువుల్లో 10 మార్పులు పోల్చడానికి సగటున 0.39 మిల్లీసెకన్లు సరిపోతాయి. 1000 వస్తువుల్లో 200 మార్పులైతే, స్థానాలు మారినవాటిని కూడా పట్టుకోవాలంటే, 27 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక ఫ్రేమ్ దాటిపోయినట్టే. ఆ పోలికను వెనక దారంలోకి (బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లోకి) పంపే లిస్ట్‌అడాప్టర్ 2018లో అందుకే వచ్చింది. ఐఫోన్ వైపు డిఫబుల్ డేటా సోర్స్ 2019లో ఐఓఎస్ 13తో ఇదే చోటికి చేరింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఇదంతా పాత కథ, కంపోజ్, స్విఫ్ట్‌యూఐ, ఫ్లట్టర్ వచ్చాక ఈ తలనొప్పులు పోయాయి అంటారు. కొంత నిజమే. 2021 జూలైలో వెలువడిన జెట్‌ప్యాక్ కంపోజ్‌లో లేజీకాలమ్ రాయడానికి పట్టే కోడ్ పాత అడాప్టర్‌కు పట్టేదానికన్నా చాలా తక్కువ. ‘స్టాక్ లేదు’ దాచడం మరిచిపోయే తప్పు అక్కడ జరగదు. వరుసను ప్రతిసారీ ఉన్న వివరాలను బట్టి వర్ణిస్తాం తప్ప పాతదాన్ని దిద్దం. కానీ ఆ లేజీకాలమ్ కూడా ఐటమ్‌కు కీ ఇవ్వకపోతే దాని స్థానాన్నే దాని గుర్తుగా తీసుకుంటుంది. పైన ఒక కొత్త కూరగాయ చేరితే ఎన్ని కిలోలు కావాలో మీరు బీరకాయ వరుసలో నొక్కిన అంకె పక్క వరుసకు అంటుకుంటుంది. కంపోజ్ 1.2 నుంచి కంటెంట్‌టైప్ అని ఇంకొకటి చెప్పమంటుంది: ఈ వరుస ఏ రకం? స్విఫ్ట్‌యూఐ ఐడెంటిఫయబుల్ అంటుంది, రియాక్ట్ నేటివ్‌లో 2017 నుంచి ఉన్న ఫ్లాట్‌లిస్ట్ కీఎక్స్‌ట్రాక్టర్ అడుగుతుంది. పాత ప్రశ్నలే కొత్త పేర్లతో వచ్చాయి. ఫ్లట్టర్ అయితే నా వాదనకు ఇంకా మంచి సాక్ష్యం. దాని లిస్ట్‌వ్యూ బిల్డర్ తెర దాటిన వరుసలను తిరిగి వాడదు. పారేసి, కావలసినప్పుడు కొత్తవి కడుతుంది. ఒకప్పుడు ప్రాణం అనుకున్న పునర్వినియోగం లేకుండానే జాబితా నడిచింది. కనిపించేంత వరకే కట్టడం, కట్టే వరుస తేలికగా ఉండడం, దానికి స్థిరమైన గుర్తు ఉండడం, ఇవి మాత్రం అక్కడా తప్పలేదు.

ఇక ఎత్తు. వెయ్యి వరుసల్లో అన్నీ ఒకే ఎత్తయితే గుణకారంతో జాబితా మొత్తం పొడవు తేలిపోతుంది. ఎత్తులు మారితే చూపించని వరుసలు ఎంత ఉంటాయో ముందే ఎలా తెలుస్తుంది? తొలి ఐఫోన్లలో ఎత్తులు వేర్వేరుగా ఉంటే టేబుల్ తెరుచుకునే ముందే ప్రతి వరుస ఎత్తునూ అడిగేది. వెయ్యి వరుసలుంటే వెయ్యి జవాబులు చెప్పాక గానీ మొదటి వరుస కనిపించేది కాదు. 2013లో ఐఓఎస్ 7 అంచనా ఎత్తు చెబితే చాలంది, 2014లో ఐఓఎస్ 8 వరుసే తన ఎత్తు తాను తేల్చుకునే వీలు ఇచ్చింది. ఫ్లట్టర్‌లో ఐటమ్ ఎక్స్‌టెంట్ చెబితే స్క్రోల్ తేలికవుతుంది. ఇవన్నీ చూసి డెవలపర్లు నేర్చుకున్న పాఠం: ఎత్తు బిగించేయి, వేగం వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలకు అది చెల్లింది.

తెలుగు అక్షరానికి చెల్లలేదు. ‘లక్ష్మీ’ అని రాయండి. క మీద గుడిదీర్ఘం తలపైకి లేస్తుంది, ష వత్తు, మ వత్తు కిందికి దిగుతాయి. ‘రాష్ట్రం’లో ట వత్తుకు తోడు క్రారవడి. ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కిందికి దిగే అక్షరాలను చూసి కొలిచిన గీత ఇక్కడ సరిపోదు. ఆండ్రాయిడ్ ఈ చిక్కును చాలాకాలం అక్షరాన్ని నొక్కి పరిష్కరించింది: తెలుగుకు రెండు ఫాంట్లు పెట్టి, ఇంగ్లిష్ గీత ఎత్తులో ఇమిడేలా కుదించినదాన్ని మామూలుగా వాడింది. సహజమైన ఎత్తున్న రూపం కావాలంటే 2014లో వచ్చిన ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ అన్న గుణాన్ని డెవలపర్ తనంతట తాను ఆన్ చేసుకోవాలి. ఆ పేరు విన్న డెవలపర్లు ఎంతమంది? పదేళ్ల తర్వాత, 2024లో ఆండ్రాయిడ్ 15 దాన్ని ఆ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లన్నిటికీ మామూలు పద్ధతి చేసింది. తెలుగుతో పాటు తమిళం, కన్నడం, మలయాళం, గుజరాతీ, ఒడియా, అరబ్బీ, థాయ్, లావో, బర్మీ లిపులకు ఇది వర్తిస్తుంది. ఆండ్రాయిడ్ 16ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు వెనక్కి వెళ్లే దారి కూడా మూసేశారు. ఇది మనకు దక్కిన న్యాయం. కానీ ఎత్తు బిగించిన వరుసల్లో ఇప్పుడు ఇదే కొత్త ప్రమాదం. ఇన్నాళ్లూ కుదించిన అక్షరం ఎలాగో ఇమిడింది. ఇప్పుడు పూర్తి ఎత్తుతో వచ్చిన అక్షరానికి వరుస చాలదు, వత్తులు కింద తెగిపోతాయి. వత్తు తెగితే అందం పోవడంతో ఆగదు, చదివే మాటే మారిపోతుంది. ‘కట్ట’లో వత్తు పోతే మిగిలేది ‘కట’.

ఒక్క వరుసలోని అక్షరం యాప్ మొత్తాన్ని కూల్చిన సందర్భం కూడా తెలుగుతోనే జరిగింది. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11 ఫోన్లలో ‘జ్ఞా’ను, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉన్న రూపంలో, ఎవరైనా మెసేజ్‌గా పంపితే అది కనిపించిన యాప్ మూతపడేది. మళ్లీ తెరిచినా, సంభాషణల జాబితాలో ఆ మెసేజ్ తొలి మాటలు చూపించాలి కాబట్టి, వెంటనే మళ్లీ మూతపడేది. ఆ మెసేజ్‌ను తీసేద్దామన్నా దాని దగ్గరికి వెళ్లే దారి ఆ జాబితా ఒక్కటే. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ ఇది తీరలేదు. ప్రపంచమంతా దాన్ని తెలుగు బగ్ అంది. తెలుగులో బగ్ ఏమీ లేదు. అక్షరాలను పేర్చే కోడ్‌ను తెలుగుతో పరీక్షించకపోవడమే బగ్.

వరుస విషయంలో ఇంత జాగ్రత్త కావాలంటే రెండు జవాబులు వినిపిస్తాయి. మొదటిది: మాటను ఒక్క గీతకే కట్టేసి, మిగిలింది మూడు చుక్కలతో ముగిస్తే ఎత్తూ నిలకడగా ఉంటుంది, వేగమూ ఉంటుంది కదా అని. ఇంగ్లిష్‌లో చుక్కల ముందు రెండు మూడు మాటలైనా మిగులుతాయి. విభక్తులు, క్రియలు అంటుకుని సాగే తెలుగులో అసలు విషయం తరచుగా మాట చివర ఉంటుంది. ‘చెల్లించబడింది’, ‘చెల్లించబడలేదు’ రెండూ సగంలో తెగితే ఒకటే. బ్యాంకు లావాదేవీల జాబితాలో ఇది చిన్న పొరపాటు కాదు. పైగా కళ్లు సరిగా కనిపించనివాళ్లు అక్షరాలు పెంచుకుంటారు. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. బిగించిన ఎత్తు వాళ్లకు తలుపు మూసినట్టే. కనీస ఎత్తు చెప్పండి, గరిష్ఠం చెప్పకండి. కొలతకయ్యే ఖర్చు భయమైతే 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ప్రీకంప్యూటెడ్‌టెక్స్ట్ ఆ కొలతను ముందే వెనక దారంలో చేసి పెడుతుంది. రెండోది: ఇప్పటి ఫోన్లు బలమైనవి, ఇంత లెక్క ఎందుకు అని. 120 హెర్ట్జ్ తెరలు వచ్చి ఫ్రేమ్ సమయాన్ని 8.33 మిల్లీసెకన్లకు దించాయి. ఫోన్ బలం పెరిగింది, గడువూ తగ్గింది. ఒక జీబీ, అంతకన్నా తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసం 2017లో ఆండ్రాయిడ్ గోను గూగుల్ విడిగా తేవలసి వచ్చిందంటే తక్కువ బలమున్న ఫోన్లు ఎక్కడో మూలన లేవని అర్థం. ధరల యాప్ అవసరం పడేది ఎక్కువగా ఆ చేతుల్లోనే.

ఒక్క మినహాయింపు ఒప్పుకోవాలి. సెట్టింగ్స్ పేజీలో ఎనిమిది వరుసలుంటే వాటికి రీసైక్లర్‌వ్యూ, డిఫ్‌యుటిల్ అక్కర్లేదు. మామూలు నిలువు పేర్పు చాలు. ఎనిమిది ఎప్పటికీ ఎనిమిదే అని తెలిసినప్పుడే ఈ మాట. సర్వర్ నుంచి వచ్చే జాబితా ఏదీ చిన్నది కాదు, ఇవాళ చిన్నదైనా సరే.

తెలుగులో యాప్ చేసేవాళ్లకు నా విన్నపం ఒకటి. పరీక్షకు పెట్టే నమూనా వరుసల్లో ‘టెస్ట్ ఐటమ్ 1’, ‘టెస్ట్ ఐటమ్ 2’ తీసేసి లక్ష్మీ, రాష్ట్రం, విజ్ఞాపన, స్వాతంత్ర్యం లాంటి మాటలు పెట్టండి. అక్షరాల సైజును ఫోన్ ఇచ్చే ఆఖరి అంచుకు పెంచండి. మీ బల్లమీదున్న ఖరీదైన ఫోన్ పక్కన పెట్టి, మార్కెట్లో దొరికే చవకైన ఫోన్‌లో జాబితాను పైనుంచి కిందిదాకా ఒకసారి వేగంగా తోసి చూడండి. వత్తు తెగినా, ఫొటో పక్క వరుసకు వెళ్లినా ఆ యాప్‌ను ఆ రోజు విడుదల చేయకండి.